మతిమరుపు లేదు, మరి ఎందుకిలా?

పాఠకుల ప్రశ్నలు – న్యూరాలజిస్ట్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ. నడక చెడింది, ఒళ్లు బిగుసుకుంది, పార్కిన్సన్స్ అన్నారు. కొన్నాళ్లకు ‘అది కాదు, దానిలాంటిదే ఇంకోటి’ అన్నారు. ఈలోగా మనిషి తీరే మారిపోయింది. కాళ్లూ చేతుల గురించి చెప్పినవాళ్లున్నారు గానీ ఆ మార్పు గురించి చెప్పినవాళ్లు లేరు. అందుకని ఈ నెల పేజీలన్నీ దీనికే.

ప్రశ్న: మా వారికి 66 ఏళ్లు. లెక్కల్లో దిట్ట. ఆఫీసులో అందరి ఖాతాలూ ఆయన దగ్గరికే వచ్చేవి. మూడేళ్ల కిందట ఉన్నట్టుండి వెనక్కి పడిపోవడం మొదలైంది. పార్కిన్సన్స్ అని మాత్రలిచ్చారు, గుణం కనిపించలేదు. ఇప్పుడు పీఎస్‌పీ అంటున్నారు. పడిపోవడం కంటే నన్ను ఎక్కువ కుంగదీస్తున్నది వేరే ఉంది. పొద్దున కుర్చీలో కూర్చుంటే సాయంత్రం దాకా అలాగే ఉంటారు. టీవీ ఆగిపోయినా పట్టించుకోరు. మనవరాలు వచ్చి చెయ్యి పట్టుకున్నా పలకరించరు. ఏదైనా అడిగితే జవాబు రాదు, విసిగి నేను పక్క గదిలోకి వెళ్లాక వస్తుంది! లేవొద్దని ఎంత చెప్పినా చటుక్కున లేస్తారు, పడతారు. మెమరీ టెస్టులో 30కి 27 వచ్చాయి, మతిమరుపు లేదన్నారు. అంటే ఇదంతా కావాలనే చేస్తున్నట్టా? – ఒక భార్య

జవాబు: కాదమ్మా. కావాలని చేయడానికి కూడా కాస్త చొరవ ఉండాలి. ఆయన జబ్బు ముందుగా తినేసింది ఆ చొరవనే.

పీఎస్‌పీ, అంటే ప్రోగ్రెసివ్ సూప్రాన్యూక్లియర్ పాల్సీ. స్టీల్, రిచర్డ్‌సన్, ఒల్షెవ్‌స్కీ అనే ముగ్గురు డాక్టర్లు 1964లో దీన్ని విడి జబ్బుగా వివరించారు. మెదడు కణాల్లో టావ్ అనే ప్రొటీన్ పేరుకుపోతుంది. మెడ, నడుము బిగుసుకుంటాయి. తొలి రోజుల్లోనే వెనక్కి పడిపోతారు. కళ్లు పైకీ కిందికీ తిప్పడం కష్టమవుతుంది. వీటికి తోడు మనసులో వచ్చే మార్పు ఒకటుంది. 1974లో ఆల్బర్ట్ అనే న్యూరాలజిస్ట్, ఆయన సహచరులు ఈ రోగుల్ని పరిశీలించి, ఇది అల్జీమర్స్‌లాంటి మతిమరుపు కాదని రాశారు. ఆలోచన బాగా నెమ్మదిస్తుంది, తెలిసినదాన్ని వాడుకునే నేర్పు తగ్గుతుంది, ఉత్సాహం చచ్చిపోతుంది. జ్ఞాపకాలు ఉంటాయి, వాటిని బయటికి తీయడానికి టైమ్ పడుతుంది. మీరు పక్క గదిలోకి వెళ్లాక జవాబు వచ్చిందన్నారే, అదే ఇది. ఇంత చక్కగా పుస్తకాల్లో కూడా రాయరు.

ఇలా ఎందుకవుతుందంటే, మెదడు లోతులో కదలికల్ని నడిపే బేసల్ గాంగ్లియా అనే కణాల గుంపులున్నాయి. వాటి పని కదలికతో అయిపోదు. ముందరి మెదడుకూ వాటికీ మధ్య తీగలు వలయాల్లా తిరుగుతుంటాయి. ఒక వలయం చేతులూ కాళ్లదైతే, ఒకటి ప్లాన్ వేసుకోవడానికి, మరొకటి ‘ఇక మొదలుపెట్టు’ అని లోపలినుంచి తోసే ప్రేరణకు. పీఎస్‌పీలో ఇవన్నీ కలిసి దెబ్బతింటాయి. కాలు అడుగు వేయడానికి మొరాయించినట్టే, మనసూ మాట మొదలుపెట్టడానికి మొరాయిస్తుంది.

ఇక 30కి 27. ఆ మార్కుల్ని చూసి ‘బుర్ర బాగానే ఉంది’ అనేస్తే నాకు ఒళ్లు మండుతుంది. అలాంటి చిన్న పరీక్షల్లో కొన్ని తేదీ, స్థలం, మూడు మాటలు గుర్తుంచుకోవడం చుట్టూ అల్లినవి. అల్జీమర్స్‌ని పట్టుకోవడానికి అవి బాగా పనికొస్తాయి. ముందరి మెదడు సంగతి వాటిలో సరిగా తేలదు. నేనైతే ఇలాంటివారిని ‘క’తో మొదలయ్యే మాటలు ఒక నిమిషంలో ఎన్ని వస్తే అన్ని చెప్పమంటాను. చదువుకున్న మనిషి కూడా మూడో నాలుగో మాటలు చెప్పి ఆగిపోతారు. ఇంకో చిన్న పరీక్ష: నేను మూడుసార్లు చప్పట్లు కొట్టి, మీరూ సరిగ్గా మూడే కొట్టండి అంటాను. కొందరు నాలుగు, అయిదు, అలా కొట్టుకుంటూ పోతారు. లెక్క తెలియక కాదు, మొదలైన పనిని ఆపే బ్రేకు వదులైపోయింది కాబట్టి. ఈ గుర్తు ఒక్క పీఎస్‌పీలోనే కనిపిస్తుందని చెప్పలేం గానీ, చూడాల్సిన చోటు మాత్రం చూపిస్తుంది.

మొదలుపెట్టే శక్తి పోయిన మనిషికే ఆపే శక్తీ పోతుంది. పగలంతా కదలని ఆయన చటుక్కున లేవడం వెనకున్నది ఇదే. లేవాలనిపించింది, లేచారు. ‘పడతానేమో’ అనే ఆలోచన మధ్యలో అడ్డు రాలేదు. నోట్లోది మింగకముందే ఇంకా కుక్కుకోవడం, ఉన్నట్టుండి నవ్వడం, ఏడవడం కూడా కొందరిలో చూస్తాం. అందుకే ‘లేవొద్దని చెప్పాను కదా’ అన్న మాట ఇక్కడ పనిచేయదు. మాట చెవికి చేరుతుంది, ఆ క్షణానికి అందదు. చుట్టుపక్కల మార్పులే చేయాలి. ఆయనకు తరచూ కావలసినవి చేతికందేంత దగ్గర్లో ఉంచండి. ఎక్కువసార్లు లేచేది మూత్రం కోసమైతే, అడిగేదాకా ఆగకుండా వేళకు మీరే తీసుకెళ్లండి. కింద చూడలేరు కాబట్టి నేలమీద పట్టాలు, వైర్లు, చిన్న పీటలు తీసేయండి. మింగేటప్పుడు దగ్గు వస్తుంటే స్పీచ్ థెరపిస్ట్‌కి చూపించడం వాయిదా వేయొద్దు. ఈ జబ్బులో ప్రాణం మీదికి తెచ్చేవాటిలో ఊపిరితిత్తుల్లోకి పొలమారడం ముఖ్యమైనది.

మాట్లాడేటప్పుడు ‘ఏం కావాలి?’ అని అడిగితే ఆయన మెదడు సున్నా నుంచి మొదలెట్టాలి. ‘బయట కూర్చుందామా, లోపలా?’ అని అడగండి. అడిగాక ఆగండి. ఒకటి నుంచి ఇరవై దాకా మనసులో లెక్కపెట్టుకోండి. మధ్యలో మళ్లీ అడిగితే ఆయన ఆలోచన మళ్లీ మొదటికొస్తుంది. మనవరాలికి కూడా చెప్పండి, తాతయ్యకు కోపం లేదు, ఆయన మాట ఆలస్యంగా వస్తుంది అని. పిల్లలు మనకంటే తొందరగా అర్థం చేసుకుంటారు.

ఇది డిప్రెషనేమోనని మీకు అనుమానం రావచ్చు. డిప్రెషన్‌లో మనిషి లోపల బాధపడుతుంటాడు. చొరవ పోయిన మనిషి చాలాసార్లు బాధపడడు, బాధంతా పక్కనున్నవాళ్లదే. రెండూ కలిసి ఉండొచ్చు కాబట్టి డాక్టర్ని అడగండి. డిప్రెషన్ ఉంటే మందు పనికొస్తుంది, చొరవను తిరిగి తెచ్చే మందు మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు. ఎవరైనా సలహా ఇచ్చారని అల్జీమర్స్‌కి వాడే డోనెపెజిల్ మొదలుపెట్టకండి. పీఎస్‌పీలో దాన్ని పరీక్షించి చూస్తే కదలికలు ఇంకాస్త చెడ్డాయి.

బ్యాంకు వ్యవహారాలు, వైద్యం విషయంలో ఆయన ఇష్టాయిష్టాలు ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. మెల్లగానైనా ఆయన తన మాట తాను చెప్పగలిగే రోజులివి.

ప్రశ్న: మా అమ్మకు 58. ఎంఎస్‌ఏ అని తేలింది. లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, మూత్రం ఆగదు, మాట ముద్దగా వస్తుంది. అప్పుడప్పుడు అయోమయంగా ఏదో అంటుంది, కాసేపటికి మామూలుగా ఉంటుంది. అమ్మ నన్ను కూడా మర్చిపోతుందా? – ఒక కొడుకు

జవాబు: ఎంఎస్‌ఏ, అంటే మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీలో అలా జరగడం అరుదు బాబూ. పార్కిన్సన్స్‌ను పోలిన జబ్బుల్లో బుద్ధి చాలాకాలం నిలబడేది దీంట్లోనే. ఎంతగా అంటే, మతి బాగా తప్పితే ఇది ఎంఎస్‌ఏ అవునా కాదా అని మేం అనుమానిస్తాం. కొందరిలో ఏకాగ్రత, ప్లాన్ వేసే నేర్పు తగ్గుతాయి, ఆ మాట నిజమే. మనిషినే మర్చిపోయేంత దూరం మాత్రం సాధారణంగా వెళ్లదు.

ఆ అయోమయం సంగతి వేరే. అది అమ్మ నిలబడి ఉన్నప్పుడో, చాలాసేపు కూర్చున్నాకో వస్తోందా? పడుకోగానే తగ్గుతోందా? అయితే అది మెదడుకు రక్తం చాలకపోవడం కావచ్చు. ఇంట్లో బీపీ మెషీన్ ఉంటే అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టిన మూడు నిమిషాల్లోపు ఇంకోసారి చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే రాసుకుని డాక్టర్‌కి చూపించండి. దానికి మందులున్నాయి. బీపీకని ఎప్పట్నుంచో వాడుతున్న మాత్ర ఏదైనా ఉంటే అదే పడగొడుతోందేమో కూడా చూస్తారు. ఈ జబ్బులో పడుకున్నప్పుడు బీపీ పెరగడమూ మామూలే, అందుకే మంచం తలవైపు కొంచెం ఎత్తు పెట్టమంటాం. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా ఇలాంటి అయోమయమే వస్తుంది.

రాత్రి నిద్రలో గాలి పీల్చేటప్పుడు గొంతులోంచి సన్నటి కీచు శబ్దం వస్తే గురక అనుకుని వదిలేయకండి. వెంటనే చెప్పాల్సిన లక్షణం అది.

ఇంకొకటి. మాట ముద్దగా వచ్చేవాళ్లను లోకం తెలివితక్కువవాళ్లలా చూస్తుంది. ఆమె ముందే ఆమె గురించి మీతో మాట్లాడతారు. అక్షరాల బోర్డు గానీ, ఫోన్‌లో టైపు చేసే ఏర్పాటు గానీ ఇప్పటినుంచే అలవాటు చేయండి.

ప్రశ్న: మా అత్తగారికి 74. ఏడాదిగా గదిలో పిల్లలు ఆడుకుంటున్నారంటున్నారు. వాళ్లెవరూ మాకు కనిపించరు. ఆవిడకు మాత్రం దుస్తులతో సహా కనిపిస్తారు. ఒకరోజు పూర్తిగా మామూలుగా మాట్లాడతారు, మర్నాడు మాట అర్థం కాదు, మగతగా ఉంటారు. మామగారిని చూసి ‘ఈయన ఆయన కాదు, ఆయనలాగే ఉన్న ఇంకెవరో’ అన్నారు. ఈమధ్య నడక మెల్లగా, వంగిపోయి ఉంటోంది. నిద్రలో కాళ్లు విసరడం, అరవడం పదేళ్లుగా ఉంది. ఒకసారి రాత్రి గొడవ ఎక్కువైతే ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాం. నిద్రపోవడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. రెండు వారాలు ఆవిడ కొయ్యలా బిగుసుకుపోయి మంచం దిగలేదు. ఇది అల్జీమర్సా, పార్కిన్సన్సా, పిచ్చా? – ఒక కోడలు

జవాబు: మూడూ కాదేమోనమ్మా. మీరు రాసినదంతా కలిపి చూస్తే లూయీ బాడీ డిమెన్షియా (డిమెన్షియా అంటే మతి తప్పే జబ్బు) అనే అనుమానం బలంగా వస్తోంది. ఉత్తరం చూసి జబ్బు ఖాయం చేయను, న్యూరాలజిస్ట్‌కి చూపించాల్సిందే. కానీ చూపించేలోగా మీకు తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటిలో ఒకటి ప్రమాదకరమైనది. ముందు అదే చెబుతాను.

ఈ జబ్బున్న చాలామందికి, భ్రమలూ గొడవా తగ్గడానికి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు పడవు. మామూలు మనిషికి మగత తెప్పించే డోసు వీళ్లను బిగదీసి పడేస్తుంది. జ్వరం, స్పృహ తప్పడం, ఒక్కోసారి ప్రాణాపాయం దాకా వెళ్లొచ్చు. ఆ ఇంజెక్షన్ ఏమిటో డిశ్చార్జి కాగితంలో చూడండి. ఆ జాతిదే అయితే ఎర్ర ఇంకుతో ఒక కార్డు మీద రాసి ఆవిడ పర్సులోనూ మీ ఫోన్‌లోనూ పెట్టుకోండి. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో ఉన్న డ్యూటీ డాక్టర్‌కి ఈ కథంతా తెలియదు, ఆ కార్డే చెప్పాలి. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజీన్ పేర్లు కూడా అందులో చేర్చండి. హాలోపెరిడాల్‌లాగే అవి కూడా కదలికలకు కావలసిన డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని అడ్డుకుంటాయి.

ఇక జబ్బు. 1912లో ఫ్రెడరిక్ లూయీ పార్కిన్సన్స్ రోగుల మెదడు కణాల్లో గుండ్రటి ముద్దల్లాంటివి చూశారు. అవి మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండంలో ఉంటే కదలిక చెడుతుంది. మెదడు పై పొరల్లోకీ వ్యాపిస్తే ఆలోచన, చూపు అల్లే బొమ్మలు చెడతాయి. పార్కిన్సన్స్ వచ్చి ఏడాది దాటాక మతి తప్పడం మొదలైతే పార్కిన్సన్స్ డిమెన్షియా అంటాం. మతి మార్పు ముందొచ్చినా, రెండూ ఏడాది లోపు వచ్చినా లూయీ బాడీ డిమెన్షియా అంటాం. గీత మేం గీసుకున్నదే, లోపలి జబ్బులు రెండూ దగ్గరి చుట్టాలు. నిద్రలో కాళ్లు విసరడం చాలామందిలో ఇలాగే ఏళ్ల ముందు మొదలవుతుంది. కల వచ్చేటప్పుడు ఒంటిని కదలకుండా పట్టి ఉంచే ఏర్పాటు మెదడు కాండంలో చెడిపోతుంది, అందుకే కలలో చేసేది ఒంటితోనూ చేస్తారు.

ఆ పిల్లల్ని చూసి ఆవిడ భయపడుతున్నారా? భయం లేకపోతే మందు అక్కర్లేదు. ‘అక్కడెవరూ లేరు’ అని వాదించొద్దు, ‘అవును, ఉన్నారు’ అని అబద్ధమూ ఆడొద్దు. ‘నాకు కనిపించడం లేదు అత్తయ్యా, మీకు ఇబ్బందిగా ఉందా?’ అంటే చాలు. సాయంత్రం వేళ గదిలో వెలుతురు పెంచండి. తలుపుకు వేలాడే కోటు, మడతల కర్టెన్, గీతల దుప్పటి వీళ్ల కంటికి మనుషులవుతాయి, తీసేయండి. కళ్లద్దాలు, శుక్లాలు చూపించండి. మామగారి విషయంలో, ఆయన ఒకసారి గది బయటికి వెళ్లి, మాట్లాడుతూ లోపలికి రావాలి. ముఖం గుర్తుపట్టనివాళ్లు గొంతు గుర్తుపట్టడం నేను చూశాను. అన్నిసార్లూ పనిచేస్తుందని హామీ లేదు. ఆయనకు మాత్రం తప్పకుండా చెప్పండి, ఆ మాట ఆయన మీద కోపంతో వచ్చింది కాదని. పెళ్లయి ఇన్నేళ్లయిన మనిషికి ఆ మాట గుచ్చుకుంటుంది.

ఒకరోజు బాగుండి ఒకరోజు బాగోకపోవడం ఈ జబ్బు లక్షణమే, నటన కాదు. కానీ ఒక్కసారిగా రెండు మూడు రోజుల్లో బాగా దిగజారితే అది జబ్బు ముదరడం అనుకోకండి. ఇన్ఫెక్షన్, మలబద్ధకం, సోడియం తగ్గడం, కొత్త మాత్ర, ఈమధ్య తలకు తగిలిన దెబ్బ, వీటిని వెతకాలి. ఇక్కడ పనికొచ్చే మందు ఒకటుంది, రివాస్టిగ్మైన్. కొందరిలో ఏకాగ్రతా పెరుగుతుంది, భ్రమలూ తగ్గుతాయి. గుండె వేగం చూసి, చిన్న డోసుతో మొదలుపెడతారు. తప్పనిసరై భ్రమలకు మందు ఇవ్వాల్సి వస్తే క్వెటియాపైన్ లాంటిది చాలా తక్కువ మోతాదులో, దగ్గరుండి చూసుకుంటూ వాడతారు.

ప్రశ్న: నాకు 61. చేతులు వణుకుతున్నాయని ట్రైహెక్సిఫెనిడిల్ ఇచ్చారు. అంతకుముందు నుంచి కళ్లు తిరగడానికి సిన్నరిజిన్, మైగ్రేన్‌కి వాల్ప్రోయేట్ వాడుతున్నాను. ఆర్నెల్లుగా పేర్లు గుర్తురావడం లేదు. పార్కిన్సన్స్ డిమెన్షియా అంటారని టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకుడు

జవాబు: టెన్షన్ కాసేపు పక్కనపెట్టి మీ మందుల పెట్టె బయటికి తీయండి. సిన్నరిజిన్ నెలల తరబడి వాడితే కొందరికి పార్కిన్సన్స్‌లాంటి వణుకు, బిగువు వస్తాయి. దాని తమ్ముడు ఫ్లునరిజిన్‌తోనూ అంతే. వాల్ప్రోయేట్ కూడా వణుకునూ మతిమరుపునూ తేగలదు. వణుకు తగ్గడానికి ఇచ్చిన ట్రైహెక్సిఫెనిడిల్ జ్ఞాపకశక్తికి కావలసిన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది. వయసు పైబడినవాళ్లకు దాన్ని రాయడం నాకు అసలు ఇష్టం ఉండదు. ఒక మందు తెచ్చిన లక్షణానికి ఇంకో మందు ఇచ్చినట్టయిందేమో మీ డాక్టర్‌తో కలిసి చూడండి. మీ అంతట మీరు ఏదీ ఒక్కసారిగా మానేయొద్దు. ఆపాక కూడా తేడా తెలియడానికి నెలలు పట్టొచ్చు. బి12, థైరాయిడ్ పరీక్షలు కూడా ఈలోగా చేయించుకోండి.

ప్రశ్న: మా నాన్నగారి పాదాలు నేలకు అతుక్కున్నట్టు ఉంటాయి. చేతులు మాత్రం చురుగ్గానే ఉన్నాయి. మూత్రం ఆపుకోలేరు, ఆలోచన నెమ్మదించింది. పార్కిన్సన్స్ మాత్రలు పనిచేయలేదు. స్కాన్‌లో మెదడులో నీటి గదులు పెద్దవిగా ఉన్నాయి, వయసు ప్రభావం అన్నారు. – ఒక కూతురు

జవాబు: వయసు ప్రభావమే కావచ్చు. కానీ ఆ మూడు లక్షణాలూ ఒకేచోట ఉన్నప్పుడు మెదడు గదుల్లో నీరు పేరుకునే నార్మల్ ప్రెషర్ హైడ్రోకెఫలస్ అనే జబ్బు కాదని తేలేదాకా వదలకూడదు. 1965లో హకీమ్, ఆడమ్స్ వర్ణించింది ఇదే. నడుము దగ్గర సూదితో 30 నుంచి 50 మి.లీ. నీరు తీసి, ముందూ తర్వాతా నడక వీడియో తీసి పోలుస్తారు. తేడా కనిపిస్తే, ఆ నీటిని సన్నటి గొట్టంతో మళ్లించే షంట్ ఆపరేషన్ గురించి న్యూరోసర్జన్‌తో మాట్లాడొచ్చు. పరీక్షలో తేడా రాకపోయినా ఆపరేషన్‌తో మేలు జరిగినవాళ్లున్నారు. అందరికన్నా బాగా కోలుకునేది నడక, ఆలోచన అంత తేలిగ్గా వెనక్కి రాదు. ఆలస్యం చేసేకొద్దీ ఇంకా కష్టం. అదే స్కాన్‌లో చిన్న రక్తనాళాలు మూసుకుపోయిన మచ్చలు చాలా ఉన్నాయా అని కూడా అడగండి. నడుము కింది భాగంలోనే కనిపించే పార్కిన్సన్స్ లక్షణాలకు అదీ ఒక కారణం. అప్పుడు బీపీ, షుగర్, పొగ మానడం మీద పడాలి మన దృష్టి.

ప్రశ్న: మా ఇంట్లో పెద్దవారికి సీబీడీ అన్నారు. చెయ్యి ఆయన మాట వినదు, ఒక్కోసారి తనంతట తానే లేస్తుంది. మాకూ వస్తుందా?

జవాబు: ఇలాంటి భయం అందరిదీ, రాసింది మీరు. సీబీడీ (కార్టికోబేసల్ డీజెనరేషన్), పీఎస్‌పీ, ఎంఎస్‌ఏ చాలావరకు వంశంలో దిగవు. ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి ఉంటేనో, చాలా చిన్న వయసులో మొదలైతేనో జన్యు పరీక్ష ఆలోచిస్తాం. చెయ్యి మాట వినకపోవడం కూడా మెదడు పై పొర చెడటం వల్లే, దానికి తోడు మాటలు వెతుక్కోవడం, కూడికలు తప్పడం ఉంటే డాక్టర్‌కి చెప్పండి.

ఒక్క జబ్బు విషయంలో మాత్రం కుటుంబాన్ని తప్పకుండా పిలిపిస్తాను. పాతికేళ్లకో ముప్ఫై ఏళ్లకో వణుకు, మాట తడబాటు, చదువులో వెనకబాటు, చిరాకు కలిసి వస్తే అది విల్సన్ జబ్బు కావచ్చు. ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు ఇది. విల్సన్ అనే డాక్టర్ దీన్ని 1912లో వివరించారు. వైద్యం ఉన్న జబ్బు, తొందరగా మొదలుపెడితే చాలావరకు అదుపులోకి వస్తుంది. రోగి సొంత తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. కాబట్టి ఏ లక్షణం లేకపోయినా వాళ్లందరికీ రక్తం, మూత్రం, కంటి పరీక్షలు చేయించాలి.